మావయ్య పెట్టిన మూకుళ్ళు

మా మావయ్య ఎలుకలకి మందు పెట్టేవాడు. "మీ మావయ్య ఏం చేస్తారు" అని ఎవరైనా అడిగితే "మందు పెడతాడు" అని ఊరుకునేదాన్ని. అడిగినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. ఆ వెనకడుగు అంటే మావయ్యకి మహా ఇష్టం. మనిషి పీలగా, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు, గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అలాంటివాణ్ణి చూసి జనం జంకితే బాగుండదా మరి.

పిండిమర, బేకరీ, బట్టల గోదాములు, పాత పుస్తకాల కొట్టు, అన్నిటికీ ఆయనే. బజారంతా మందాయన అనేది. నేను ఆయన చెల్లెలి కూతుర్ని. వాళ్ళ పక్క వాటాలో ఉంటూ జిరాక్సు కొట్టులో పనిచేస్తాను. ఇప్పుడు మా రెండు వాటాల మధ్య అటక మీద ఒక ఊపిరి ఉంది. చీకటి పడే వేళకి బుస కొట్టినట్టు, గురక పెట్టినట్టు వినిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కుర్చీ చివరికి జరుగుతారు. దాని సంగతి చెప్పాలంటే మావయ్య పనితనం నుంచి మొదలుపెట్టాలి.

"ముందు విందు, తర్వాత మందు" అనేవాడు. మొదట కొన్నాళ్ళు మందు కలపని నూకలు పెట్టేవాడు. ఎలుకలు చుట్టాల్లా అలవాటు పడ్డాక అదే చోట మైనంలా ఉండే నీలం రంగు బిళ్ళలు పెట్టేవాడు. చేత్తో ముట్టుకునేవాడు కాదు. మనిషి వాసన తగిలితే ఎలుక రాదని, పొడుగు వెదురు కాడకి గరిటె కట్టుకుని దాంతో వడ్డించేవాడు. పని ఉన్న రోజు సబ్బు కూడా రాసుకునేవాడు కాదు. అత్త మొత్తుకునేది.

ఇదంతా ఎవరైనా చేస్తారు. మావయ్య పేరు నిలబడింది కంపు రాకపోవడం వల్ల. వేరేవాళ్ళు మందు పెడితే ఎలుక ఏ గోడ కన్నంలోనో చచ్చి, రోజుల తరబడి ఇల్లంతా ముక్కు మూసుకోవాలి. మావయ్య పెడితే ఎలుక బయటికొచ్చి చచ్చేది. ఆ మందు తిన్నది వెంటనే చావదు, నాలుగైదు రోజులు తిరుగుతుంది. ఆ రోజుల్లో దానికి దాహం పుడుతుందని మావయ్య నమ్మకం. అందుకని గోడలకి దూరంగా, ఖాళీ జాగాలో, వెడల్పాటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి పెట్టేవాడు. "ఎలుక లోపల చస్తే నా పేరు చచ్చినట్టే" అనేవాడు. అది దాహమో, ఒంట్లో తిరిగే మందు మహిమో నాకు తెలియదు. ఎలుకలు రావడం మాత్రం నిజం.

ఒకసారి ఆ రావడం చూశాను. మిట్టమధ్యాహ్నం, పిండిమర వెనక పెరడు. ఒక ఎలుక ఎండలోకి నడిచొచ్చింది, తొందర లేకుండా, ఒంటి మీద రోమాలు రేగిపోయి. నేను కాలు నేలకేసి కొట్టాను. అది పారిపోలేదు. మూకుడు అంచు మీద ముందుకాళ్ళు పెట్టి నిలబడి, తల తిప్పి నా వంక చూసింది. ఎలుకంటే నాకు భయం లేదు, మా వంటింట్లో వాటితో సహజీవనమే. కానీ మనిషికి భయపడని ఎలుకని చూసి నేనే వెనక్కి జరిగాను. వెనక ఇంకోటి వస్తోంది. దాని వెనక ఇంకోటి.

వంటింట్లో సహజీవనం అన్నాను కదా. ఊరందరి ఎలుకల్నీ చంపే మనిషి ఇంట్లో ఎలుకలు పండగ చేసుకునేవి. అది అత్త పెట్టిన షరతు. మందు డబ్బా గడప దాటి లోపలికొస్తే నేను గడప దాటి బయటికి పోతానని కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పేసిందట. మా వీధిలో కూడా పెట్టకూడదు. వీధి ఎలుక ఇంటికి రాదని రాసిస్తారా అని అడిగిందట. డబ్బా, గరిటె ఊరి చివరి దాణా గోదాములో బీరువాలో ఉండేవి. మా వీధి ఎలుకలు మాత్రం నా గ్యాసు గొట్టం కొరికేవి. దీపం కింద చీకటి అని నేను దెప్పితే, అత్త "కొరికితే గొట్టం మార్చుకో, చస్తావా" అనేది.

కిందటేడు మావయ్య గుండెలో కవాటం మార్చారు. రక్తం గడ్డ కట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలన్నాడు గుండె డాక్టరు. కింద పడకూడదు, కోసుకోకూడదు, చిగుళ్ళలోంచి రక్తమొస్తే పరుగెత్తుకు రావాలి. మావయ్య ఆ మాత్రల అట్ట కిటికీ వెలుతురులో పెట్టి చదివి, కిసుక్కున నవ్వాడు.

"పిల్లా, ఇది మా మందుకి వేలువిడిచిన మేనమామే."

డాక్టరు కూడా నవ్వాడు. "అవునండీ, ఒక కుటుంబమే. మోతాదు తేడా."

ఆ రోజు నుంచి రాత్రి భోజనం అయ్యాక అత్త తన చేత్తో మాత్ర ఇచ్చేది. "నేను ఊరందరికీ పెట్టాను, నాకు మీ అత్త పెడుతోంది" అనేవాడు మావయ్య. అత్త ఒక్కసారి కూడా నవ్వలేదు. మొత్తానికి అది గడప దాటింది, ఆవిడ బాధ అదీ. అట్టని అందరికంటే ఎత్తున, అటక అంచున దాచేది.

సైకిలు తొక్కొద్దన్నారు కాబట్టి మావయ్యని నా స్కూటరు మీద తిప్పడం మొదలైంది. అలా దాణా గోదాము నాకు బాగా తెలిసింది. ఎత్తు కప్పు, చివర గోడలో గాలి కోసం వదిలిన చదరపు కంత. అందులో తెల్లమొహం గుడ్లగూబల జంట కాపురం. పిల్లలు పుట్టినప్పుడు పైనుంచి బుసలు మొదలయ్యేవి, ఉబ్బసం మనుషులు నలుగురు ఒక గదిలో పడుకున్నట్టు. గోదాము కాపలాదారుకి ఆ చప్పుడంటే హడలు. పగలంతా కుర్చీలో తూగుతాడని అతన్ని కునుకు అనేవాళ్ళం.

"పైన ఎవరో ఊపిరి పీలుస్తున్నారమ్మా" అన్నాడు నాతో మొదటిసారి.

"పిల్లలు ఆకలేసి అమ్మని అడుగుతున్నాయి" అన్నాడు మావయ్య.

"అడిగితే అడగనీ, నా పేరు పెట్టి అడగకపోతే చాలు."

ఆడపిట్టకి మావయ్య దొరసాని అని పేరు పెట్టాడు. దీపాలు పెట్టే వేళకి ఆయన మూకుళ్ళలో నీళ్ళు పోస్తుంటే, అది కంతలో నిలబడి తల ఒకవైపుకి వాల్చి చూసేది, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు వడ్డన కోసం చూసినట్టు. ఆ మొహంలో కళ్ళు తప్ప ఏమీ ఉండవు. నేను చూపు తిప్పుకునేదాన్ని. మావయ్య మాత్రం "వస్తున్నా తల్లీ, వడ్డిస్తున్నా" అనేవాడు. నీళ్ళకొచ్చిన ఎలుకల్ని అవి ఎత్తుకుపోతే చచ్చినవాటిని ఏరే పని తగ్గేది. అపశకునం, తోలేయండి అని గోదాము యజమాని అన్నప్పుడు మావయ్యే అడ్డుపడ్డాడు. "అవి నా పనివాళ్ళండీ. జీతం కూడా అడగవు."

ఇంట్లో ఈ ముచ్చట చెప్తే అత్త చెవులు మూసుకుంది. "ఆ మొహం ఎవరివైపు చూస్తే వాళ్ళింట్లో చావు. దాని పేరు ఎత్తకండి."

ఒక మధ్యాహ్నం మేం గోదాముకి వెళ్ళేసరికి కునుకు మేలుకుని ఉన్నాడు. అప్పుడే అనుకున్నాను ఏదో జరిగిందని. గేటు తీస్తూ గొంతు తగ్గించి "పైన ఊపిరి తగ్గిందమ్మా" అన్నాడు.

దొరసాని ఎండలో ఉంది. ఖాళీ జాగా మధ్యలో, మూకుడు పక్కన, రెక్కలు రెండూ నేలకి వేలాడేసి నిలబడింది. చీకట్లో తప్ప బయటికి రాని పిట్ట. మేం దగ్గరికి నడిచాం. కదల్లేదు. ముక్కు చివర ఒక ఎర్రచుక్క ఊరి, సాగి, నీళ్ళలో పడింది. నీళ్ళు అప్పటికే కొంచెం ఎర్రగా ఉన్నాయి. అది మెల్లగా తల తిప్పి మా వంక చూసింది, పిండిమర వెనక ఆ ఎలుక చూసినట్టే.

మావయ్య నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్మడూ, ఇది మా ఎలుకలు నిలబడ్డట్టే నిలబడింది."

మగపిట్ట దాణా బస్తాల వెనక దొరికింది. ఎత్తితే బరువే లేదు. దొరసానిని నా చున్నీలో చుట్టి మావయ్య ఒళ్ళో పెట్టుకున్నాడు. స్కూటరు ఎంత తోలినా పశువుల ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

పశువుల డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూపించింది. లోపల ఉతికిన గుడ్డలా తెల్లగా ఉంది. "రక్తం గడ్డ కట్టలేదండీ, లోపలంతా కారిపోయింది. మందు తిన్న ఎలుకని తింది. ఎలుక కాలేయంలో మందు ఉంటుంది కదా, తిన్నదాని ఒంట్లోకి చేరుతుంది. ఒక్క ఎలుకతో పోకపోవచ్చు, రోజూ తింటే మాత్రం..."

"నాలుగైదు రోజులు తిరుగుతుంది" అన్నాడు మావయ్య, ఆవిడ మాట పూర్తి కాకుండానే. "అవి గోడల్లో చస్తే దీనికి దొరికేవి కాదు. నీళ్ళు చూపించి బయటికి పిలిచింది నేను."

డాక్టరమ్మ గూట్లో పిల్లలున్నాయా అని అడిగింది. వాటి ఒంట్లోనూ ఎంతోకొంత చేరి ఉంటుందంది. రోజూ తోలు కింద సూదితో విటమిన్ మందు ఎక్కించాలి, అది రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. తిండికి ఎలుకలే కావాలి, కోడిమాంసం ముక్కలతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు కానీ వెంట్రుకా ఎముకా లేకపోతే ఎదగవు.

"మందు తినని ఎలుకలు. దొరుకుతాయా మీకు?"

మావయ్య తల ఊపాడు. దొరక్కపోవడమేంటి, ఎలుకలకి కరువా అనుకున్నాం ఇద్దరం.

తిరిగొచ్చాక గోదాములో నిచ్చెన ఎక్కింది నేను. మావయ్య పడితే రక్తం ఆగదు, కునుకు ఎక్కనన్నాడు. కంతలో తల పెట్టగానే నాలుగు ముసలి మొహాలు ఒక్కసారి నావైపు తిరిగి బుస కొట్టాయి. అది భయం కాదు, ఆకలి. వాటి వెనక గట్టు మీద చచ్చిన ఎలుకలు వరసగా పేర్చి ఉన్నాయి, పిల్లల కోసం తల్లి దాచిన తిండి. కొన్నిటి మూతులు నీలంగా ఉన్నాయి. వాటిని తోకలు పట్టి ఒక్కొక్కటీ కిందికి విసిరాను. విసిరిన ప్రతిదాని వెంటా ఆ నాలుగు మొహాలూ కిందికి వంగి చూశాయి.

పిల్లల్ని గోదాము ఆఫీసు గదిలో అట్టపెట్టెలో పెట్టాం. ఇక ఎలుకల వేట. నీలం బిళ్ళ తిన్న ఎలుక పెంటికలు కూడా నీలంగా ఉంటాయి, ఏళ్ళ తరబడి మావయ్య పని కుదిరిందో లేదో చూసుకున్నది అలాగే. బోనులో పడ్డ ఎలుకని బోనుతోనే తెల్ల కాగితం మీద ఉంచి తెల్లారి చూడటం. కాగితాలు మా జిరాక్సు కొట్టువి. పిండిమర ఎలుక, నీలం. బేకరీ ఎలుక, నీలం. పుస్తకాల కొట్టులో రోజుకి పైగా కాపు కాసి పట్టిన సన్నపాటి చుంచెలుక, అదీ నీలమే. మావయ్య ఆ కాగితాలు పారేయకుండా బల్ల మీద పరుచుకుని కూర్చునేవాడు.

"ఇన్ని చోట్లా పెట్టానా పిల్లా" అన్నాడు ఒకరోజు.

అటు పెట్టెలో ఊపిరి తగ్గుతూ వచ్చింది. ముందు అన్నిటికంటే చిన్నది పోయింది. తర్వాత రెండోది, సూది గుచ్చినచోట రక్తం ఆగక. ఇంతకాలం ఆ బుసకి భయపడ్డ కునుకు ఇప్పుడు అది వినబడకపోతే నిద్రపోయేవాడు కాదు. పెట్టె దగ్గర చెవి పెట్టి "ఉన్నాయమ్మా" అని నాకు ఫోను చేసేవాడు. మూడోది పోయిన రోజు ఫోను రాలేదు.

ఆ సాయంత్రం వంట చేసుకుంటుంటే అలమర మీంచి ఒక ఎలుక నా పప్పు డబ్బా పక్కగా దర్జాగా నడిచి వెళ్ళింది. ఒళ్ళు మండి గరిటె ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. పక్క వాటాలోకి వెళ్ళాను.

"మావయ్యా, మన వీధిలో మందు పెట్టలేదు కదా."

మావయ్య అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. ఇద్దరం అత్త వంక చూశాం.

"నా ఇంటి ఎలుకలు ఆ మొహానికి వెయ్యాలా?" అంది అత్త.

మావయ్య కంచంలో అన్నం ముగించాడు. తర్వాత మాత్ర కోసం చెయ్యి చాపాడు. అత్త ఇచ్చింది. ఆయన మింగకుండా అరచేతిలోనే పెట్టుకున్నాడు.

"ఇది ఒకటి ఎక్కువైతే ఏమవుతుందోనని రోజూ రెండుసార్లు చూసుకుని ఇస్తావు కదా. ఏమవుతుందో నేను చూశానే. దాని ముక్కులోంచి చుక్కలు చుక్కలుగా పడింది. నా వంకే చూస్తూ నిలబడింది."

అత్త వంటింట్లోకి నడిచింది. బోను కడిగి రొట్టెముక్క గుచ్చి బియ్యం డబ్బా వెనక తనే పెట్టింది. తెల్లారి కాగితం మీద నల్లటి పెంటికలు. పెంటికలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనుషుల్ని మా ఇంట్లో తప్ప ఎక్కడా చూడలేం.

మిగిలిన ఒక్క పిల్లనీ ఇంటికే తెచ్చాం. అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని "అటక మీద పెట్టండి, నా వైపు చూడకుండా" అంది. అది ఆవిడ వైపే చూసింది. మేం ఎంతమంది ఉన్నా, ఆవిడ ఏ మూల ఉన్నా, తల గుండ్రంగా తిప్పుకుని మరీ ఆవిడనే చూసేది. పొయ్యి దగ్గర అత్త వీపు చూస్తే చాలు, అది చూస్తోందని నాకు తెలిసేది. ఆవిడ తిట్టుకుంటూనే రోజూ బోను పెట్టేది.

మావయ్య మూకుళ్ళన్నీ బోర్లించి పగలగొట్టాడు. అదే గరిటెతో కొట్టు కొట్టుకీ తిరిగి నీలం బిళ్ళలు ఏరాడు. ఇప్పుడు బోనులు పెడతాడు, కన్నాలకి ఇనుప జాలీ కొట్టి సిమెంటు పూస్తాడు. మందాయనకి చాదస్తం పట్టిందని కొందరు వేరేవాణ్ణి పెట్టుకున్నారు. అదంతా ఆయన పట్టించుకోలేదు. ఆయన్ని తినేసేది ఒకటే, ఎలుకలు బిళ్ళల్ని మోసుకుపోయి గోడల్లో దాచుకుంటాయి. "పెట్టడం నేర్చుకున్నాను గానీ తీయడం ఎవరూ నేర్పలేదు" అనేవాడు.

పిల్లకి రెక్కలొచ్చి అటక కిటికీలోంచి ఎగరడం మొదలుపెట్టాక మావయ్యకి ఇంకో పని పడింది. గుడ్లగూబ అరగని వెంట్రుకల్నీ ఎముకల్నీ ఉండగా కక్కుతుంది. పొద్దున్నే కిటికీ కింద గొంతుక్కూర్చుని ఆ ఉండల్ని పుల్లతో విప్పి రంగు చూసేవాడు. అది చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. బూడిదరంగు, నలుపు. బూడిదరంగు, నలుపు. డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని ఇచ్చిన సూదిమందు సీసా ఒకటి అత్త అటక అంచున, మాత్రల అట్ట పక్కనే దాచింది.

ఒక పొద్దున్న ఉండలో నీలం పట్టిన వెంట్రుకల పోగు కనిపించింది. మావయ్య అది గుప్పిట్లో దాచుకున్నాడు. అటక మీద పిట్ట లేదు. ఆ పూటంతా నేనూ ఆయనా వీధి వీధీ వెతికాం. వచ్చి కూలబడ్డామో లేదో పెరట్లోంచి అత్త గొంతు వినిపించింది. కేక కాదు, మామూలుగా పిలిచినట్టే.

"అమ్మడూ, ఒకసారి ఇటు రా."

ఇద్దరం వెళ్ళాం. నెత్తి మీద ఎండ. నీళ్ళతొట్టి అంచు మీద పిట్ట, రెక్కలు వేలాడేసి. దానికి ఎదురుగా అత్త, చేతిలో చెంబుతో. అది ఆవిడ వంక చూస్తోంది. ఆవిడ దాని వంక చూస్తోంది.

"మీరు చెప్పింది ఇదేనా?" అని అడిగింది మావయ్యని, చూపు తిప్పకుండా.

ఆయన తల ఊపాడు. అత్త చెంబు కింద పెట్టి, కొంగు విప్పి, ముందుకి నడిచి పిట్టని గుండెలకి అదుముకుంది. నేను సీసా, సూది తెచ్చాను. మావయ్య సూది పెట్టేలోపు పిట్ట గింజుకుని గోరుతో ఆయన మణికట్టు చీరేసింది. రక్తం మొదలైంది, ఆగలేదు. పిట్ట ముక్కులోంచీ చుక్కలు పడుతున్నాయి. అత్త చీర మీద రెండూ కలిసిపోయాయి, ఏది పిట్టదో ఏది మనిషిదో తెలియకుండా.

అత్త సీసా వంక చూసింది. "ఈ మందు మీకూ పనిచేస్తుందా?"

"చేస్తుంది."

"ఇద్దరికీ సరిపోతుందా?"

మావయ్య చీరుకున్న మణికట్టుని మోకాలికి నొక్కిపెట్టుకుని సూదిలోకి మందు లాగాడు.

"ముందు దానికి పెట్టనీ. నాకు నువ్వు పెట్టేది లెక్కలో ఉంటుంది. దానికి నేను లెక్క లేకుండా పెట్టాను."

అత్త పిట్ట మొహాన్ని తన మొహం వైపుకి తిప్పుకుని, అది కదలకుండా గట్టిగా పట్టుకుంది.